దేశాంతర వనితలు: నవ్వుల సభకు అధ్యక్షురాలు

ప్రశ్న యడుగుట యొక విద్య. సభలో అందఱు వినుచుండగా ప్రశ్న యడుగు నధికారము వేఱొకటి. మన పూర్వగ్రంథములలో ఈ రెండవదానికి స్త్రీలు బొత్తిగా దూరముగా నుండిరని చెప్పుటకు వీలులేదు. జనకమహారాజు సభలో గార్గి యాజ్ఞవల్క్యుని ఒకసారి గాదు, రెండుసారులు నిలదీసెను. అడుగరానిది యడిగినచో తల రాలిపడునని ఆ మహర్షి మొదటిసారి హెచ్చరించినను, ఆమె కొంతసేపు మౌనము వహించి మరల లేచి ప్రశ్నించెను. శంకరాచార్యులకును మండనమిశ్రునకును జరిగిన వాదమునకు ఉభయభారతి మధ్యవర్తినిగా గూర్చుండెనని శంకరవిజయ కథలు చెప్పుచున్నవి.

కాని నవ్వించు సభ సంగతి వేఱు. మేము చదివిన సంస్కృత నాటకములలో విదూషకుడున్నాడు గాని, ఆ పని చేయు స్త్రీ కానరాదు. తెనాలి రామకృష్ణుని కథలు మనకు కోకొల్లలు. ఆయన భార్య హాస్యమాడి రాయలవారిని నవ్వించినట్లు ఒక్క కథయైనను మా చెవిని బడలేదు. ఆడుది నవ్విన తప్పు, నవ్వించిన మఱింత తప్పు అను మాటల నడుమనే మనలో పెక్కుమంది పెరిగితిమి. మయసభలో ద్రౌపది నవ్వినందువలననే భారతయుద్ధము వచ్చినదని చెప్పి మన ముసలమ్మలు ఎన్ని మారులు మన నోళ్లు మూయింపలేదు?

కావుననే ఈ మాసమున మేము ఇంగ్లండునందలి యొక హాస్యనటిని గూర్చి వ్రాయ సంకల్పించితిమి. ఆమె పేరు శాండీ టాక్స్‌విగ్. హాస్యగాండ్రను చుట్టు గూర్చుండబెట్టుకొని, ప్రశ్నలడిగి, వారి గోల నదుపులో నుంచుచు తానును నవ్వించిన స్త్రీ ఈమె. అంతమాత్రమే యైన ఇంత వ్రాయము. ఆ యాసనమునకు దనకిచ్చు ప్రతిఫలము, అంతకుముందు అదే యాసనమున గూర్చున్న పురుషుని ప్రతిఫలములో ఎన్నవ వంతో పదిమంది యెదుట లెక్క చెప్పిన స్త్రీ కూడ ఈమెయే.

ఈమె జన్మస్థానము ఇంగ్లండు గాదు. 1958వ సంవత్సరము మే 3వ తేదీన డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హాగెన్‌లో పుట్టెను. తండ్రి క్లాస్ టాక్స్‌విగ్ ఆ దేశపు రేడియో, టెలివిజనులలో పేరుగన్న విలేఖరి, తల్లి ఆంగ్లేయురాలు. తండ్రి యుద్యోగము వెంట బాల్యములో పెద్ద భాగము అమెరికాలో గడచెను. 1969 జూలైలో అపోలో నౌకనుండి మనుష్యులు చంద్రునిపై దిగిననాడు తండ్రి హ్యూస్టనునుండి తన దేశమునకు వార్తలు వినిపించుచుండెను. పదునొకండేండ్ల తానును అచ్చటనే యుంటినని, ఆర్మ్‌స్ట్రాంగు కార్యదర్శిని చేయి పట్టుకొని ఆ ఘట్టమును జూచితినని ఈమె తరువాత పలుమారులు చెప్పుకొనెను.

పదునాలుగవ యేట ఈమెను ఇంగ్లండులోని వసతి పాఠశాలకు బంపిరి. నోట అమెరికా యాస. తోడి బాలికలు దరిజేరనీయలేదు. కొన్నాళ్లకు ఆ యాసను గట్టున బెట్టి, ఆంగ్లేయుల పలుకును పట్టుదలతో నేర్చుకొనెను. నేడు ఈమె మాట వినువారు ఈమె యింకొక దేశమునుండి వచ్చినదని యనుకొనజాలరు. ఈ సంగతి చదివినప్పుడు మాకు జాలి కలుగలేదు, పరిచయమైన మాటయే యనిపించినది. కడపనుండి కాకినాడకు కోడలుగా వచ్చినవారికిని, గోదావరి జిల్లానుండి వరంగల్లు కాపురమునకు పోయినవారికిని, వంటయింటిలో తాము పలికిన మొదటి మాటకే ఆడపడుచులు ముసిముసి నవ్వులు నవ్వుట అనుభవములోనిదే గదా. నవ్వులపాలైన నోరే నవ్వించుట నేర్చునేమో. అందఱ విషయమునను గాదు, కొందఱ విషయమున.

పిమ్మట కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలో చేరి న్యాయశాస్త్రము, పురాతత్త్వము, మానవశాస్త్రము చదివి మొదటి తరగతిలో నెగ్గెను. గిర్టన్ కళాశాల 1869లో స్త్రీలకై స్థాపింపబడినది. స్త్రీలను పరీక్షలకు గూర్చుండనిచ్చియు, నెగ్గినవారికి పురుషులతో సమానమైన పట్టమిచ్చుటకు కేంబ్రిడ్జివారు 1948వ సంవత్సరము వఱకు తాత్సారము చేసిరి. మన దేశమున కలకత్తా విశ్వవిద్యాలయము కాదంబినీ గంగూలీ, చంద్రముఖీ బోసులకు 1883లోనే పట్టములిచ్చినదని ఇక్కడ చెప్పుట స్వాతిశయము గాదనుకొందుము.

ఆ విశ్వవిద్యాలయమున ఫుట్‌లైట్స్ అను హాస్యనాటక సంఘము గలదు. అదియు 1883లో పుట్టినదే. చాలకాలము దానిలో స్త్రీపాత్రలను సైతము పురుషులే ధరించిరి. మన సురభివారిని చూచిన వారుండిన సిగ్గుపడవలసినది. శాండీ చదువుచున్న కాలమున స్త్రీలు మాత్రమే ఆడిన మొదటి ప్రదర్శనమును ఆ సంఘము చూచెను. దానిని వ్రాసి యాడినవారిలో ఈమెయు, తరువాత చలనచిత్రములలో లోకప్రసిద్ధి గన్న ఎమ్మా థామ్సనును, జాన్ రేవెన్సును ఉండిరి. ఆ కాలముననే అదే సంఘమున స్టీఫెన్ ఫ్రై యను విద్యార్థియు నుండెను. సోదరీమణులు ఈ పేరును జ్ఞాపకముంచుకొనవలెను. జీతముల లెక్కలో మరల వచ్చును.

1982లో ఈమె పిల్లలకై శనివారము ఉదయమున ప్రసారమగు ‘నంబరు 73’ అను కార్యక్రమమున ఎథెల్ అను ఇంటి యజమానురాలి వేషము వేసెను. పిల్లల కార్యక్రమమని పెద్దలు చులకన చేయుదురు గాని, ఎదుటనున్నవారు ఏమి పలుకుదురో తెలియక, పలికినదానికి వెంటనే బదులు చెప్పవలసిన ఆ పనిలో ఈమె నేర్చినది యెక్కువయనియే మా తలంపు. అటుపిమ్మట లండనులో కామెడీ స్టోర్ అను రంగశాలయందు ఆశుహాస్యమాడు బృందమున చేరెను. ప్రేక్షకులలో నొకరు ఒక చోటు చెప్పుదురు, ఒకరు ఒక వస్తువు చెప్పుదురు. వ్రాతప్రతి లేక, అభ్యాసము లేక, నటులు ఆ క్షణమున దానిని నాటకముగా నాడవలెను.

ఇది మనకు క్రొత్త విద్య గాదు. అవధానమున పృచ్ఛకుడు సమస్య యిచ్చును, మఱియొకడు నిషిద్ధాక్షరి పట్టుకొని కూర్చుండును, ఇవి చాలవన్నట్లు అప్రస్తుత ప్రసంగి యొకడు నడుమ నడుమ దూరి ఇంటిలో పప్పు ఉడికినదా యని యడుగును. అవధాని అతనికి చమత్కారముగా బదులు చెప్పవలెను, చేతిలోని పద్యమును జాఱవిడువరాదు. ఆంగ్లేయుల హాస్య ప్రశ్నాగోష్ఠి యెట్లుండునని యడిగిన సోదరీమణులకు మేము చెప్పు ఉపమానమిదియే: ఆ గోష్ఠిలో చుట్టు గూర్చున్న నలుగురును అప్రస్తుత ప్రసంగులే. ప్రశ్నకు సరియైన యుత్తరము చెప్పవలెనని వారిలో నెవరికిని తొందర లేదు. నడుమ గూర్చున్న యధ్యక్షుడు మాత్రము సమయమును, ప్రశ్నలను, వారి పరిహాసములను, ఒకరినొకరు మాటాడనీయని దుడుకుతనమును, అన్నిటిని పట్టుకొని యుండవలెను. ఆ యాసనము చాలకాలము పెక్కుగా పురుషులదే.

బి.బి.సి. వారి నాలుగవ రేడియోలో 1977నుండి ‘న్యూస్ క్విజ్’ అను గోష్ఠి నడచుచున్నది. ఆ వారపు వార్తలపై ప్రశ్నలడుగుదురు. వచ్చినవారు మంత్రులను, పత్రికలను ఆటపట్టింతురు. 2006లో శాండీ దానికి అధ్యక్షురాలయ్యెను. 2015 వఱకు తొమ్మిదేండ్లు నడపెను. రేడియోలో ముఖము కనబడదు, వేషము కనబడదు; గొంతు ఒక్కటియే. ఈమె గొంతున నవ్వు ముందుగా వచ్చి మాట వెనుక వచ్చును. ఎదుటివాని హాస్యమునకు మనసారా నవ్వగల అధ్యక్షులు అరుదు. తాను చెప్పబోవు చమత్కారమును తలచుకొనుచు ఎదుటివాని మాట ముగియుట కెదురుచూచువారే పెక్కండ్రు; ఇది హాస్యగాండ్రకే గాక పేరంటములకు వచ్చు కొందఱికిని చెల్లును.

2014లో నాలుగవ ఛానెలువారు ‘ఫిఫ్టీన్ టు వన్’ అను పాత ప్రశ్నల పోటీని పునరుద్ధరించి ఈమె చేతికిచ్చిరి. పదునైదుగురు నిలుచుందురు, ఒక్కొక్కరికి మూడు ప్రాణములు, తప్పు చెప్పినకొలది ప్రాణములు పోవును, తుదకొకరు మిగులుదురు. 2019 వఱకు సాగినది. దానిలో పందెపు బిగువు ఎక్కువ, హాస్యమునకు చోటు తక్కువ. ఈమె విద్యకు తగిన రంగమని మాకు తోచలేదు.

తగిన రంగము మఱి రెండేండ్లకు దొరకెను. ‘క్యూ ఐ’ యను గోష్ఠి 2003లో మొదలయినది. ఒక్కొక్క సంవత్సరమునకు ఆంగ్ల వర్ణమాలలో ఒక్కొక్క యక్షరము. ఆ యక్షరముతో మొదలగు విషయములపై ప్రశ్నలు. దానిలోని తమాషా యేమన, అందఱకు తెలిసినదని యనుకొను తప్పుటుత్తరము చెప్పినచో పెద్ద కొమ్ము మ్రోగును, మార్కులు పోవును. సరియైనది చెప్పకున్నను, వినదగిన సంగతి చెప్పినవానికి మార్కులు వచ్చును. భూమికి చంద్రులెందఱని యొకమారు అడిగిరి. ఒక్కడేయని చెప్పిన అలన్ డేవిస్ పాపము కొమ్ము మ్రోత వినవలసివచ్చెను. తరువాతి సంవత్సరములలో వారే ఆ యుత్తరమును మార్చుకొనిరి. శాస్త్రమన్నది అట్టిదేనని మా యింటివారు, బడిపంతులు గావున, ఆ సంగతిని తమ తరగతిలో చెప్పి పిల్లలను నవ్వించిరట.

మొదటినుండి పదుమూడు అక్షరములకు అధ్యక్షుడు స్టీఫెన్ ఫ్రై. ఆయన విడిచిన పిమ్మట 2016 అక్టోబరులో శాండీ ఆ యాసనమెక్కెను. పెద్ద ఛానెలులలో హాస్యగోష్ఠికి స్త్రీ శాశ్వతముగా అధ్యక్షత వహించుట అదియే మొదలని పత్రికలు వ్రాసినవి. అంతకు రెండేండ్ల ముందు, 2014లో, ఇట్టి గోష్ఠులలో అందఱు పురుషులే కూర్చుండు పద్ధతి యిక సాగదని, ఒక్క స్త్రీయైన నుండవలెనని బి.బి.సి. టెలివిజను అధికారి ప్రకటింపవలసివచ్చెనన్న, ఆ కుర్చీకి దూరమెంతయో తెలియగలదు. ఫ్రై పెద్ద పండితుడు. ఆయన ప్రశ్న యడిగిన గురువు ఎదుట గూర్చున్నట్లుండును. శాండీ యడిగిన, చదువుకొన్న పెదతల్లి తాంబూలము వేసికొనుచు విడుపుకథ విప్పుమన్నట్లుండును. మా యింటివారికి మొదటిది మేలు, మాకు రెండవది. ఈ వివాదము మా యింట నింకను తీరలేదు.

తెలుగువారికి ఇంగ్లండు ప్రశ్నల పోటీలతో సంబంధము లేకపోలేదు. 2014లో మన టెలివిజనున నాగార్జునగారు నడపిన ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ అనునది 1998లో ఇంగ్లండున పుట్టిన పోటీకి సంతానమే. ఆయన తరువాత చిరంజీవిగారు, ఆ పిమ్మట మఱియొక పేరున చిన్న రామారావుగారు ఆ పోటీని నడపిరి. ఆటపాటల కార్యక్రమములలో సభనంతను నవ్వించి నడపుటకు మనకు సుమగారి వంటి సమర్థురాలున్నను, కోటి రూపాయల ప్రశ్న యడుగు కుర్చీలో మాత్రము మూడుమారులును పురుషులనే కూర్చుండబెట్టిరి.

ఇక లెక్కకు వత్తము. 2018 సెప్టెంబరులో ఒక సభలో శాండీ చెప్పిన మాట యిది: అదే కార్యక్రమమునకు, అదే కుర్చీలో గూర్చున్నందుకు, ఫ్రైకి ఇచ్చినదానిలో నూటికి నలుబది పాళ్లు మాత్రమే తనకు ముట్టుచున్నది. అనగా ఆయనకు నూఱు రూపాయలైన ఈమెకు నలుబది. ప్రక్కన గూర్చుండి ఉత్తరములు చెప్పు అలన్ డేవిస్‌కు ఎంతయో, అధ్యక్షురాలగు తనకును అంతేయట.

ఫ్రై పదుమూడు సంవత్సరములు నడపినవాడు, పేరు మోసినవాడు, క్రొత్తగా వచ్చినవారికి తక్కువ యిచ్చుట లోకసహజము గదా యని యనువారుందురు. ఆ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. అనుభవమునకు విలువ గలదు. కాని శాండీ ఆ కుర్చీకి వచ్చునప్పటికి నట్టింట నడక నేర్చు పిల్ల గాదు. రంగమెక్కి ముప్పదియైదేండ్లు దాటినది, రేడియో గోష్ఠిని తొమ్మిదేండ్లు నడపినది. పదియో ఇరువదియో తగ్గించిన అది సేవాకాలపు తేడా యనుకొనవచ్చును. సగము కంటె తక్కువ యిచ్చిన దానికి వేఱొక పేరు పెట్టవలసియుండును. మన పొలములలో నాట్లు వేయు ఆడుకూలికి ఒక ధర, గట్టు వేయు మగకూలికి ఒక ధర చెప్పి, పని వేఱు గదా యందురు. ఇక్కడ పనియు వేఱు గాదు; కుర్చీయు వేఱు గాదు.

ఇది యొక్క శాండీ సంగతియే యైన వింతగా విని యూరకుండవచ్చును. 2017 జూలైలో బి.బి.సి. వారు, ప్రభుత్వము కోరినందున, సంవత్సరమునకు లక్షయేబదివేల పౌనులకు మించి పుచ్చుకొనువారి పట్టికను మొదటిసారి ప్రకటించిరి. దానిలో మూడింట రెండువంతులు పురుషులు. పై యేడు స్థానములును పురుషులవే. మరుసటి జనవరిలో చీనా దేశమునుండి వార్తలు పంపు కేరీ గ్రేసీ, తనతో సమానులైన పురుష విలేఖరులకు ఎక్కువ యిచ్చుచున్నారని చెప్పి ఆ పదవిని విడిచెను. సంస్థవారు క్షమాపణ చెప్పి బాకీ చెల్లింపగా, ఆ సొమ్మునంతయు స్త్రీల హక్కులకై పనిచేయు సంఘమునకు ఇచ్చివేసెను. 2020లో సమీరా అహ్మద్ అను ప్రసారకురాలు న్యాయసభకు పోయి గెలిచెను. ఆమెకు ఒక్కొక్క ప్రసారమునకు 440 పౌనులు, అట్టిదే యగు మఱియొక ప్రసారము చేయు పురుషునకు 3,000 పౌనులు! ఆ దేశమున సమాన వేతన శాసనము 1970లోనే వచ్చినది. 1975లో అమలులోనికి వచ్చినది. మన దేశమున 1976లో వచ్చినది. శాసనము పుస్తకములో నున్నను, ప్రక్కవాని జీతమెంతో తెలియనిది ఎవరేమని యడుగగలరు? ఉద్యోగములు చేయు సోదరీమణులు జీతము చెప్పుకొనుట అమర్యాదయని తలంతురు. ఆ మర్యాద ఎవరికి లాభమో యొకమారు విచారించి చూడవలయును.

శాండీ మాటలతో నూరకుండలేదు. 2015లో కాథరిన్ మేయర్ అను రచయిత్రితో గలసి స్త్రీ సమానత్వ పక్షమును స్థాపించెను. రేడియో గోష్ఠిని విడిచినది అందులకే. ఆ పక్షము పార్లమెంటున ఒక్క స్థానమును గెలువలేకపోయినది. 2024లో సభ్యులే దానిని మూసివేయ నిర్ణయించిరి. ఓటమియే, దానిని గెలుపని చెప్పుటకు మేము సిద్ధముగా లేము. అయినను స్త్రీల జీతములు, పిల్లల సంరక్షణ వ్యయము అను మాటలను ఇతర పక్షములవారి నోట పలికించినదని మాత్రము చెప్పవచ్చును.

ఈమె గృహజీవితమును గూర్చియు దాచకుండ వ్రాయుట మంచిది. ఆమెయే దాచలేదు గావున. ఈమె మఱియొక స్త్రీతో గృహమేర్పఱచుకొని ముగ్గురు బిడ్డలను పెంచెను. పత్రికలవారు దానిని రచ్చకెక్కింతురను భయముండగా, 1994లో తానే లోకమునకు చెప్పెను. వెంటనే చంపుదుమను బెదరింపులు వచ్చినవి. బిడ్డలతో కొన్నాళ్లు ఇల్లు విడిచి తలదాచుకొనవలసివచ్చెను. పిల్లల క్షేమమునకై పనిచేయు ఒక ధర్మసంస్థవారు తమ వార్షికోత్సవ సభను నడపుటకు ఈమెను పిలిచియుండి, వలదని త్రోసిపుచ్చిరి. జనులు నిరసింపగా పిమ్మట క్షమాపణ చెప్పిరి. అట్టి దంపతుల వివాహమును ఇంగ్లండు శాసనము ఒప్పుకొన్నది 2014 మార్చిలో. నడుమ నిరువదియేండ్లు. ఆ యిరువదియేండ్లును ఈమె ప్రతివారము జనులను నవ్వించుచునే యున్నది. ఈ సంగతిలో మాతో ఏకీభవింపని సోదరీమణులుండవచ్చును. ఉత్తరములు వ్రాసినచో సంతోషముతో చదువుదుము. ముగ్గురు పసిబిడ్డలను వెంటబెట్టుకొని రాత్రికి రాత్రి ఇల్లు విడిచిన తల్లిని తలచుకొని మాత్రము వ్రాయవలెనని కోరుచున్నాము.

2017నుండి మూడు సంవత్సరములు ‘బేక్ ఆఫ్’ అను రొట్టెలు, తీపి పిండివంటల పోటీని నోయెల్ ఫీల్డింగ్ అను హాస్యనటునితో గలసి నడపెను. గుడారములో సామాన్య గృహస్థులు వండుదురు, నిపుణులు రుచి చూచి తీర్పు చెప్పుదురు. అదియు జనాదరణ పొందినదే. దానిని గూర్చి యిక్కడ ఎక్కువ వ్రాయము; వంటల పోటీ విశేషములు వేఱొక మాసమున వ్రాయదగినవి.

ఈమె వ్రాసిన గ్రంథములు ఇరువదికి మించియున్నవి. వానిలో రెండింటిని గూర్చి చెప్పెదము. మొదటిది 2005లో బాలలకై వ్రాసిన ‘హిట్లర్స్ కెనరీ’. 1943 అక్టోబరులో జర్మనులు తమ దేశమునందలి యూదులను పట్టుకొనబోవుచున్నారని తెలిసి, డెన్మార్కు జనులు సుమారు ఏడువేలమందిని పడవలలో సముద్రము దాటించి స్వీడనుకు చేర్చిరి. తన కుటుంబమున విన్న కథల యాధారమున ఈమె దానిని నవలగా వ్రాసెను. రెండవది 2019లో వెలువడిన ఆత్మకథ, ‘బిట్వీన్ ది స్టాప్స్’. ఆత్మకథ యనగా పుట్టుకతో మొదలుపెట్టి పురస్కారములతో ముగియునని యెదురుచూచువారికి ఇది నిరాశయే. లండనున డల్విచ్‌నుండి ఆక్స్‌ఫర్డ్ సర్కసు వఱకు పోవు 12వ నంబరు బస్సు మేడపై గూర్చుండి, కిటికీలోనుండి కనబడిన ప్రతి వీథిని, ప్రతి విగ్రహమును జూచుచు, దాని కథయొకటి, తన కథయొకటి చెప్పుకొనుచు పోవును. విగ్రహములలో స్త్రీలవి ఎన్ని యున్నవని దారిపొడుగున లెక్కించును. ఆ లెక్క చేతివ్రేళ్లు దాటుట కష్టము. తెలుగు అనువాదము మా కంటబడలేదు. ఆంగ్లము చదువగల సోదరీమణులు చదివి, తమ యూరి బస్సు దారిలో స్త్రీల విగ్రహములు, స్త్రీల పేరనున్న వీథులు ఎన్నియున్నవో లెక్కించి మాకు వ్రాసినచో, వచ్చు సంచికలో ప్రకటింతుము. గ్రామదేవతలను లెక్కలో చేర్పవలదు.